ఏ నెల సంగతి అడుగుతున్నావు బిడ్డా?

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బకాయి ఎంత అనే లెక్కలు ఈ నివేదికలో వేరే పేజీల్లో ఉన్నాయి. పొద్దున అకౌంటెంటు చదివి వినిపించింది కూడా. మేము ఇప్పుడు చెప్పేది ఆ లెక్కల్లోకి రాని పని గురించి. ముందటేడూ, నిరుడూ మన ఊళ్లకి కాలేజీ పిల్లలు వచ్చారు. పేదరికం అంటే ఏమిటో నేర్చుకోవడానికి వచ్చారు. మొదటిసారి ఏం జరిగిందో, రెండోసారి మనమే పంతులమ్మలమై ఏం చెప్పామో, అందులో మనకి తగిలిన దెబ్బ ఏమిటో దాచకుండా చెప్పాలని పాలకవర్గంలో అనుకున్నాం. చివరన రెండు తీర్మానాలున్నాయి. మీరు చెయ్యెత్తితేనే అవి అవుతాయి, కాబట్టి కాస్త ఓపికగా వినండి.

పిల్లలు ఊరికి రావడం కొత్త కాదు. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపులు 1969 నుంచి ఉన్నాయి. మనం పిల్లలుగా ఉన్నప్పుడే వారం రోజులు బడిలో దిగి, రోడ్డు ఊడ్చి, పాట పాడి వెళ్లేవాళ్లు. గోదావరి దిగువన ఏటపాక, కూనవరం, చింతూరు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి గదా, ఆ రాష్ట్రంలో ఇప్పుడు డిగ్రీ పిల్లలు వేసవి సెలవుల్లో 180 గంటలు ఊళ్లో పని చేసి ప్రాజెక్టు రాయాలని రూలు కూడా ఉంది. మన వైపు కూడా సోషల్ వర్కు చదివేవాళ్లు, నర్సింగ్ చదివేవాళ్లు వస్తూనే ఉంటారు. అంతకంటే ముందు సంగతీ ఉంది. 1940ల్లో హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పెద్దమనిషి పాపికొండల దగ్గర కొండరెడ్ల మధ్య మకాం వేసి, వాళ్ల బతుకు మీద 1945లో ఇంగ్లీషులో పెద్ద పుస్తకం అచ్చేశాడు. మంచి పుస్తకమే అంటారు. కానీ ఆయనకి ఆ బతుకంతా చెప్పిన ముసలమ్మలకి అందులో ఏం రాశాడో చదివి వినిపించిన వాళ్లు ఎవరైనా ఉన్నారా అని మాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ముందటేడు వచ్చిన పిల్లలు మే నెలలో వచ్చారు. వాళ్ల సెలవులూ మన తునికాకూ ఒకేసారి. పొద్దున పదింటికి బస్సు దిగి, చేతుల్లో ఫారాలు పట్టుకుని గుంపులోకి వస్తే అక్కడ ముసలివాళ్లు, కోళ్లు తప్ప ఎవరూ లేరు. మనం చీకటితో అడవికి పోయాం. పగలంతా తిరిగి ఆకు తెచ్చి, నీడన కూర్చుని యాభై ఆకులకొక కట్ట కడుతూ ఉంటే, సాయంత్రం కల్లానికి మోసే లోపల ఆ పిల్లలు పక్కన కూర్చుని ప్రశ్నలు అడిగారు. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. ఎండకి ముఖాలు కందిపోయాయి. నీళ్లు అడగడానికి కూడా మొహమాటపడ్డారు.

ఫారంలో మొదటి ప్రశ్న, ‘మీ కుటుంబానికి నెలకు ఆదాయం ఎంత?’

మన అక్క ఒకామె కట్ట కడుతూనే, ‘ఏ నెల సంగతి అడుగుతున్నావు బిడ్డా?’ అంది.

ఆ అబ్బాయి ఫారం చూశాడు. నెలకొక గడి లేదు, ఒకటే గడి. ‘అంటే, మామూలుగా ఎంతండీ’ అన్నాడు. ఆమె నవ్వింది. మామూలు నెల ఏదో ఆమెకీ తెలియదు. చివరికి ఆ గడిలో ‘సమాధానం చెప్పలేదు’ అని రాసుకున్నాడని మన వీవోఏ చూసింది. ఆమె చెప్పిన దానికంటే మంచి సమాధానం ఆ ఫారం మొత్తంలో ఇంకోటి లేదు. అది పట్టడానికే అందులో చోటు లేదు.

తరవాత ప్రశ్నలు మీకు తెలిసినవే. పొదుపు చేస్తారా? (మనల్ని!) మరుగుదొడ్డి వాడుతున్నారా? మీ ఇంట్లో తాగేవాళ్లున్నారా? పిల్లల్ని బడి ఎందుకు మాన్పించారు? మాన్పించారా అని కాదు, ఎందుకు మాన్పించారు అని. రెండు రోజులు అట్లా అడిగి, గ్రూపు ఫోటో దిగి వెళ్లిపోయారు.

రెండు నెలల తరవాత మన సభ్యురాలి కూతురు ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ కాలేజీలోనే చదువుతోంది. అక్కడ వరండాలో పేదరికం మీద బొమ్మల ప్రదర్శన పెట్టారట. అందులో తన చిన్న తమ్ముడి ఫోటో ఉంది. చిరిగిన చీర ఉయ్యాలలో, ఒంటి మీద గుడ్డ లేకుండా, ముక్కు కారుతూ. కింద ఇంగ్లీషులో ఒక జాలి మాట. ఆ పిల్ల ఆ ఫోటో ముందు నుంచే రోజూ క్లాసుకి పోవాలి. ‘వాడు నా తమ్ముడని ఎవరికీ చెప్పలేదు అమ్మా’ అందట.

మేము నలుగురం వెళ్లాం. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, ఆ రోజే ఫోటో తీసేశారు. చెడు ఉద్దేశం లేదని మాకూ తెలుసు. కాబట్టి కాలేజీ పేరు ఇక్కడ చెప్పడం లేదు. అయితే ఒక్క మాట అడిగాం: మీ క్లాసులో ఉన్న యాభై మందిలో ఇట్లాంటి ఇంటి నుంచి వచ్చిన పిల్లలు ఎంతమంది? వాళ్ల దగ్గర ఆ లెక్క లేదు. పేదరికం ఎక్కడో అడవిలో ఉందని బస్సు కట్టుకుని వచ్చారు. అది వాళ్ల బెంచీ మీదే నోరు మూసుకుని కూర్చుని ఉంది.

నిరుడు మళ్లీ కబురొచ్చినప్పుడు పాలకవర్గంలో పెద్ద గొడవే అయింది. సగం మంది ఇక ఎవరూ రావద్దన్నారు. ‘మనమేమన్నా జూపార్కులో ఉన్నామా’ అని ఒక అక్క అడిగింది, ఆ మాట పుస్తకంలో అట్లాగే రాయించాం. కానీ ఇంకో అక్క చెప్పింది. రేపు బ్యాంకులో మన పుస్తకం తిప్పి చూసేది ఈ పిల్లలే. ఆసుపత్రిలో చీటీ రాసేది ఈ పిల్లలే. పోడు పట్టా ఫైలు మీద సంతకం పెట్టేదీ వీళ్లే. మన దగ్గర నేర్చుకోకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటారు? ఆ మాట నెగ్గింది. వస్తే రానివ్వండి, ఫారాలు మాత్రం తేవద్దు, పాఠం మేము చెబుతాం అని కబురు పంపాం. మేలో వద్దు, వానలు పడి నాట్లకి ముందు, చేతిలో పని తక్కువున్న వారంలో రమ్మన్నాం.

పాఠం ఎట్లా చెప్పాలో మనకి ఒకరు నేర్పే పని లేదు. ఇందిరా క్రాంతి పథం రోజుల్లో పేదల గుర్తింపు చేసిన అక్కలు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఊరి నడుమ ముగ్గు పోసి, ఇల్లిల్లూ గుర్తు పెట్టి, ఎవరు నిరుపేద, ఎవరు పేద, ఎవరు మధ్యరకం అని ఊరంతా కూర్చుని తేల్చాం గదా. ఆఫీసు నుంచి వచ్చిన లిస్టు కంటే మన ముగ్గు లిస్టే నిజమని అప్పుడు సార్లే ఒప్పుకున్నారు. మళ్లీ అదే ముగ్గు తీశాం.

మొదటి రోజు ఊరి పటం. రెండో రోజు ఏడాది పటం. ఆ రెండో రోజు సంగతే ఎక్కువ చెప్పాలి.

రావి చెట్టు కింద నేల అలికి పన్నెండు గళ్లు గీశాం. లెక్క కోసం ఒక ఇల్లు అనుకున్నాం: మొగుడూ పెళ్లాం, అత్త, ఇద్దరు పిల్లలు, మూడెకరాల పోడు. ఎవరి ఇల్లూ కాదు, అందరి ఇల్లూ. చింతగింజ అంటే వచ్చే డబ్బు, రాయి అంటే పోయే డబ్బు, ఒక్కోటి ఐదు వందలు. పిల్లలే పెట్టాలి, మనం తప్పయితే దిద్దాలి.

ముందు ఆ పిల్లలు ప్రతి గడిలో సమానంగా గింజలు పోశారు, జీతం మాదిరి. మనవాళ్లు గింజలన్నీ ఏరేసి మళ్లీ మొదలుపెట్టించారు. పత్తి ఏరేది ఎప్పుడు? దసరా తరవాత. మిరప కాయ కోతకి ఖమ్మం వైపు పోయేది? సంక్రాంతి దాటినాక, మార్చి దాకా. ఇప్పపువ్వు రాలేది? ఎండలు ముదిరేటప్పుడు, తెల్లవారుజామున. తునికాకు? మేలో, అదీ కొద్ది రోజులే, దాని బోనసు ఏళ్లు గడిచాక ఎప్పుడో. ఉపాధి పని? చెరువులో పూడిక తీసినన్నాళ్లు. 2024-25లో రోజుకి 300 రేటు ఉండేది, కొలత పడితేనే అంత, డబ్బు ఖాతాలో పడేది ఎన్నాళ్లకో చెప్పలేం. ఇట్లా పెట్టుకుంటూ వస్తే గింజలన్నీ ఒక పక్కకి పోయాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు గళ్లు బోసిగా ఉన్నాయి.

ఇప్పుడు రాళ్లు. విత్తనాలు, ఎరువులు జూన్‌లో. బడి పుస్తకాలు, బట్టలు, పిల్లల్ని హాస్టల్లో దింపే ఖర్చు జూన్‌లో. కప్పు మీద పట్టా జూన్‌లో. జ్వరాలు జులై, ఆగస్టులో. గోదావరి వచ్చేదీ అప్పుడే. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది; 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారని చెబితే పిల్లలు నోరు తెరిచారు. ఆ ఏడు ఒడ్డు ఊళ్లకి ఎన్ని రాళ్లు పెట్టాలో మాకే తెలియలేదు, పెట్టలేదు.

అప్పుడు ఒక అబ్బాయి అన్నీ లెక్కపెట్టి, ‘ఏడాది మొత్తం మీద గింజలూ రాళ్లూ దాదాపు సమానంగానే ఉన్నాయి గదమ్మా, మరి అప్పెందుకు?’ అన్నాడు. తెలివైన ప్రశ్న. మేము ఆ ప్రశ్న కోసమే కూర్చున్నాం. రాయి జూన్‌లో ఉంది, గింజ జనవరిలో ఉంది. మధ్యలో ఏడు నెలలు. ఆ ఏడు నెలలు దాటడానికి పదివేలు షావుకారు దగ్గర మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 300, ఏడు నెలలకి 2,100. అదే మన సంఘం నుంచి రూపాయి వడ్డీకి దొరికితే 700. తేడా 1,400. అంటే దాదాపు మూడు గింజలు ఇంట్లోకి రాకముందే షావుకారు గళ్లోకి పోతాయి. మళ్లీ ఏడాది ఆ మూడు గింజలు తక్కువతో మొదలవుతుంది.

‘మరి సంఘంలోనే తీసుకోవచ్చు గదా?’

ఇక్కడ మనం నిజం చెప్పాలి, చెప్పాం. లింకేజీ లోను దాని టైముకి వస్తుంది, జ్వరం దాని టైముకి వస్తుంది. 2010లో మైక్రోఫైనాన్సు కంపెనీల మీద చట్టం ఎందుకు తెచ్చారో, వారం వారం కిస్తీ అంటే రెండు నెలలకోసారి చేతికి డబ్బొచ్చే ఇంటికి ఏమవుతుందో, అప్పుడు చూసిన అక్కలు చెప్పారు. అది వింటుంటే అక్కడ ఒక్కరు కూడా ఫోను తియ్యలేదు.

ఆసుపత్రి సంగతి దగ్గర ఇంకో మాట వచ్చింది. వైద్యం గడి దగ్గర నర్సింగ్ పిల్ల రాయి పెట్టలేదు. గవర్నమెంటు ఆసుపత్రిలో ఉచితమే గదా అంది. మందు ఉచితమే, కాదనలేదు. జ్వరం వచ్చిన మనిషితో ఒకరు పోవాలి. గుంపు నుంచి రోడ్డు దాకా మోసుకురావాలి. అక్కడి నుంచి భద్రాచలానికి ఆటో. నాలుగు రోజులు ఇద్దరి కూలీ పోతే, రోజుకి 300 చొప్పున 2,400. ఆటో, టీ, తిండి వేరే. ఇంట్లో ఉన్న చిన్నపిల్లలకి అన్నం పెట్టడానికి పెద్దపిల్ల బడి మానేస్తుంది. అదే మీ ఫారంలో ‘బడి ఎందుకు మాన్పించారు’ అని ఉండేది, గుర్తుందా అని అడిగితే ఆ పిల్ల తలొంచుకుని ఐదు రాళ్లు తీసి పెట్టింది.

తాగుడు సంగతి కూడా అడిగారు. దాచలేదు. మన ఇళ్లల్లో ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని, దాని వెనక అక్షరాస్యత తరగతులు ఉన్నాయని, రాత్రి బడిలో తమ బతుకు పాఠంగా చదివి లేచారని చెప్పాం. కానీ సీసా మూసినా జూన్ గడి బోసిగానే ఉంటుంది. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది వదిలేస్తే పాఠం అబద్ధమవుతుంది.

ఈ గింజల పని నడుస్తుండగా ఇంకో సంగతి జరిగింది. వచ్చిన పిల్లల్లో ఒక అమ్మాయి మొదటి నుంచీ వెనకే కూర్చుంది. మిరప కోత గడి దగ్గర మిగతా వాళ్లు తడబడుతుంటే లేచి వచ్చి, గింజలు పెట్టి, పక్కనే రెండు రాళ్లు కూడా పెట్టింది. ఆ రాళ్లెందుకని స్నేహితులడిగారు. ‘కోతకి పోయినన్నాళ్లు చేల దగ్గర డేరా వేసుకోవాలి, చేతులు మండితే రాసుకోవడానికి కొబ్బరినూనె కొనాలి, చిన్నపిల్లని వెంట తీసుకుపోవాలి’ అంది. నీకెట్లా తెలుసు అన్నారు. కాసేపు మాట్లాడలేదు. తరవాత ‘మా అమ్మ పోతుంది’ అంది. ఎవరూ నవ్వలేదు. ఆ తరవాత ఆ పిల్ల పక్కన కూర్చుని మిగతావాళ్లు అడిగి గింజలు పెట్టారు. మేము ఆమెని ఏమీ అడగలేదు. ఫోటో పెట్టిన వరండాలో నోరు మెదపలేని పిల్లకీ ఈ పిల్లకీ తేడా మీకు మేము విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మనకి తగిలిన దెబ్బ.

మూడో రోజు పిల్లలు మొదటి రోజు ముగ్గు పటం దగ్గరికి మళ్లీ వెళ్లారు. సంఘం ఉన్న ఇంటి మీద పసుపు బొట్టు పెట్టమన్నాం. ఊరంతా పసుపు పడింది. మనకి గర్వంగానే ఉంది. చివరన, వాగు పక్కన ఒక ఇంటి మీద బొట్టు పడలేదు. ‘ఈ ఇంటి అమ్మ ఏ సంఘం?’ అని అడిగారు. మనవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె ‘ఆమె రాదులే’ అంది. పిల్లలు ఊరుకోలేదు, పాఠం మనమే నేర్పాం మరి. ‘రాదా, రానియ్యలేదా?’ అని అడిగారు.

రానియ్యలేదు. ఆమె ఒకప్పుడు సభ్యురాలే. మొగుడికి జబ్బు చేసిన ఏడు వరసగా రెండు కిస్తీలు తప్పింది. మన గ్రేడు పడిపోతుందని, మిగతా తొమ్మిది మందికి కొత్త లోను ఆగిపోతుందని, గ్రూపు కూర్చుని ఆమె పేరు తీసేసింది. తీర్మానం పుస్తకంలో ‘స్వచ్ఛందంగా తప్పుకుంది’ అని రాశారు. మేము ఆ పుస్తకం తెప్పించి చూశాం. ఆమె వేలిముద్ర కూడా ఉంది. పంచసూత్రాలన్నీ పాటించిన గ్రూపు అది, నిరుడు బహుమతి కూడా ఇచ్చాం.

ఆ గ్రూపు అక్కలని నిందించడానికి ఇది చెప్పడం లేదు. మేము ఆ స్థానంలో ఉన్నా అదే చేసేవాళ్లమేమో. కానీ జూన్ గడి బోసిగా ఉంటుందని కాలేజీ పిల్లలకి గింజలు పెట్టి చూపించిన మనమే, జూన్‌లో కిస్తీ తప్పిన మనిషిని బయటికి పంపాం. ఆ తరవాత అన్ని గ్రామ సమాఖ్యల్లో ముగ్గు పోసి చూడమని చెప్పాం. ఇంకా కొన్ని ఊళ్ల నుంచి రావాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి అడవంచున ఉంటున్న గుత్తికోయ గుంపుల దగ్గర ఆధార్ పేరు కుదరక, ఊరి లిస్టులో పేరు లేక, బొట్టే పెట్టని ఇళ్లు చాలా ఉన్నాయని మీకు తెలుసు. వాటిని పటంలోనే గీయని ఊళ్లు కూడా ఉన్నాయి.

వాగు పక్క అక్కని చూడటానికి వెళ్లాం. కూర్చోమని చాప వేసింది. పిల్లలతో పాటు వచ్చారా అని అడిగింది, వాళ్లు తనని ఇంటి ముందు నిలబడి ‘నమస్తే అమ్మా’ అన్నారని చెప్పింది. సంఘంలోకి మళ్లీ రమ్మని అడిగితే వెంటనే ఒప్పుకోలేదు. ‘మళ్లీ తప్పితే?’ అంది. ఆ ప్రశ్నకి మా దగ్గర అప్పుడు జవాబు లేదు. అందుకే ఈ రెండో తీర్మానం.

మొదటి తీర్మానం పిల్లల గురించి. ఈ ఏడు ఇంకా రెండు కాలేజీలు అడుగుతున్నాయి. వస్తే మూడు రోజులకి తక్కువ రావద్దు. పాఠం చెప్పే అక్కలకి ఆ రోజు కూలీ కాలేజీయే ఇవ్వాలి. ఇది దానం కాదు, చదువు చెప్పే పని. మనిషి ఒప్పుకోకుండా ఫోటో వద్దు, పిల్లల ఫోటో అసలే వద్దు. రాసిన రిపోర్టు తెలుగులో తెచ్చి గ్రామ సమాఖ్య మీటింగులో చదివి వినిపించాలి, తప్పుంటే మనం దిద్దాక కాలేజీలో ఇవ్వాలి. పేద పిల్లలు వాళ్లల్లోనే ఉంటారు కాబట్టి ఎవరినీ నీది ఏ ఇల్లు అని అడగరాదు; తమంతట చెబితే వినాలి.

రెండో తీర్మానం మన గురించి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తప్పిన కిస్తీని జనవరి తరవాత రెండు దఫాలుగా కట్టుకునే వీలు సంఘం లోపలి అప్పులకి ఇవ్వాలి. బ్యాంకు కిస్తీ ఆపడం మన చేతిలో లేదు, కాబట్టి ఆ నాలుగు నెలలకి గ్రామ సమాఖ్య నిధి నుంచి చేబదులు ఇచ్చి బ్యాంకుకి కట్టించాలి. ఎంత పక్కన పెట్టగలమో ఒక్కో సమాఖ్య తన లెక్క చూసుకుని చెప్పాలి. కొన్ని సమాఖ్యల దగ్గర అంత నిధి లేదని మాకు తెలుసు. దాని మీద గొడవ జరుగుతుంది, జరగనివ్వండి. ఎవరి పేరైనా తీసెయ్యాలంటే ఇద్దరు పాలకవర్గ సభ్యులు ఆ ఇంటికి వెళ్లి మాట్లాడి వచ్చాకే రాయాలి.

భోజనాలకి ముందు మొదటిది, తరవాత రెండోది పెడతాం. వాగు పక్క అక్క కూడా ఈ రోజు వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. ఆమె పేరు చెప్పమని ఆమె అనలేదు కాబట్టి చెప్పడం లేదు. రెండో తీర్మానం మీద మాట్లాడతానంటే మాత్రం ముందు ఆమెకే మైకు ఇస్తాం.